గంగారామన్నా, కాలు తియ్యకు!

నా జీవితంలో వేసిన చోటే సరిగ్గా పడిన బ్రేకు ఒక్కటే ఉంది. అది నా చదువుకు పడింది. ఎనిమిదో తరగతి దగ్గర ఆగిన ఆ బండి మళ్ళీ అంగుళం కదల్లేదు. చక్రాల కింద రాళ్ళు పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు. అప్పట్నుంచి బెజవాడ ఆటోనగర్‌లో ఊళ్ళోవాళ్ళ బండ్లకు బ్రేకులు బాగుచేస్తూ బతుకుతున్నాను. ముఖ్యంగా పాత కార్లు. నాకంటే వయసులో పెద్దవైతే మరీ మర్యాదగా, పడుకుని, కిందనుంచి చేస్తాను.

కోరుట్లలో ఒక ముసలి అంబాసిడర్ ఉంది, చూసి, నచ్చితే కొని, నడుపుకుంటూ తీసుకురమ్మని మా ఊరి రైసుమిల్లు యజమాని నన్ను పంపించాడు. అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్ళల్లో, జనం రోడ్ల మీద. "ఇప్పుడా వెళ్ళేది? నోరు తెరిస్తే తంతారు" అంది మా ఆవిడ. "ఇక్కడ తెరిస్తే మాత్రం దండేస్తున్నావా?" అని బయల్దేరాను. వెళ్ళొచ్చి ఇది రాస్తున్నానంటే ఎవరూ తన్నలేదని అర్థం. అన్నం పెట్టారు. అదే కాస్త ఎక్కువ పెట్టారు.

సగం షట్టరు: జగిత్యాల

మొదటి రోజు జగిత్యాలలో దిగాను. దిగాను అనడం నా గౌరవం కోసం. మక్కల బస్తాల లారీ మీంచి జారాను. మక్కలంటే మన మొక్కజొన్నలు.

బంద్ రోజున ఒక ఊరు ఎలా బతుకుతుందో చూడాలంటే జగిత్యాల బజారు చూడాలి. ఏ దుకాణమూ తెరిచిలేదు, ఏ దుకాణమూ మూసిలేదు. షట్టర్లన్నీ నడుందాకా లేచి ఉన్నాయి. బేరానికి వచ్చినవాడు వంగి లోపలికి పోవాలి, వంగి బయటికి రావాలి. ఊరంతా ఒకరికొకరు దండం పెట్టుకుంటున్నట్టే ఉంది. ఒక ఇంటి అరుగు మీద వేడి సర్వపిండి అమ్ముతున్నారు. మన దిబ్బరొట్టెకు దూరపు చుట్టం, కానీ కారంలో దగ్గరి శత్రువు. పది రూపాయలు. రెండు తిని, కన్నీళ్ళు తుడుచుకుని, కార్ల సామాను దుకాణంలోకి వంగాను.

"అంబాసిడర్‌కు బ్రేకు హోసులు, వీల్ సిలిండర్ కప్పులు, పెట్రోలు పైపు రెండు గజాలు, సీలు తియ్యని బ్రేక్ ఆయిలు ఒక సీసా ఇస్తారాండీ?"

కౌంటరు వెనకాయన చీటీ చూడ్డం మాని నన్ను చూశాడు. "ఏడోళ్ళే అన్నా నువ్వు?"

"బెజవాడండీ."

"గంత దూరంకెళ్ళి గిప్పుడచ్చినవా? ధైర్నమున్నది నీకు." సామాను తీసి బల్ల మీద పెట్టాడు. "జై తెలంగాణ అను. పది రూపాయలు తక్కువ జేస్త."

నేను ఆగకుండా ఆరుసార్లు అన్నాను. ఏడోసారికి ఆయన చెయ్యెత్తాడు. "ఊకో, ఊకో! ఇంకింత సేపుంటే నేనే నీకు ఎదురియ్యవలసత్తది!"

హోసులు ఒక్కొక్కటీ విల్లులా వంచి చూసుకున్నాను. రబ్బరుకు కూడా వయసుంటుంది. వాడకపోయినా, అరలో కూర్చునే ముసలిదైపోతుంది. వంచితే సన్నటి బీటలు కనిపించిందల్లా వెనక్కిచ్చేశాను. "ముక్కు, చెవులు చూసి పిల్లను చేసుకున్నట్టు చూస్తున్నవేందే" అన్నాడాయన.

సెలైన్ ఎక్కుతున్న కారు: కోరుట్ల

కారు గలాయన పేరు గంగారాం. అరవై దాటాయి. మస్కట్‌లో ఏళ్ళ తరబడి షేకుల కార్లు తోలి వచ్చి, తరతరాలుగా గుంట భూమి లేని ఇంటికి నాలుగు చక్రాలు తెచ్చిపెట్టాడు. దాన్నే టాక్సీగా తిప్పి ఇల్లు నిలబెట్టాడు. మోకాళ్ళు పట్టేయడంతో ఈ మూడేళ్ళుగా బండి కొట్టంలోనే ఉంది. అయినా రోజూ పొద్దున్న ఒకసారి స్టార్టు చేస్తాడట, ప్రతి ఆదివారం కడుగుతాడట. పైకి అద్దంలా మెరుస్తోంది. నేను పైపైన చూసేవాణ్ణి కాను గనక బానెట్ ఎత్తాను.

పెట్రోలు పైపు ఉండాల్సిన చోట సన్నటి, తెల్లటి, లోపలున్నది కనిపించే గొట్టం ఒకటుంది. మధ్యలో చిన్న బుడ్డి, దాని కింద తిప్పే చక్రం. నాకు బాగా తెలిసిన వస్తువే. కాకపోతే ఆసుపత్రి మంచం పక్కన తప్ప ఎక్కడా చూళ్ళేదు.

"గంగారామన్నా, ఇది సెలైన్ పైపు కదండీ?"

"అవునే. మా మమత మందుల దుకాణంల పన్జేస్తది. అండ్లకెళ్ళి తెచ్చింది. పెట్రోలు పోవుడు కండ్లకు కనవడుతది, మంచిగున్నది గద?"

"పేషెంటు ఎలా ఉన్నాడు మరి?"

"పొద్దుగాల జెర దగ్గుతడు" అన్నాడు, నవ్వకుండా.

నేను నవ్వాను గానీ చెయ్యి స్పానరు మీదికి పోయింది. ఆ ప్లాస్టిక్ పెట్రోలుకు ఓర్చుకోదు. గట్టిపడి, పెళుసెక్కి, ఒకరోజు చిటుక్కున చిట్లుతుంది. చిట్లితే పెట్రోలు కారేది సరిగ్గా కాలిపోతున్న సైలెన్సరు గొట్టం మీద. అప్పుడు పెట్రోలుతో పాటు మంట కూడా కళ్ళకు కనపడుతుంది.

అంతకంటే పెద్ద భయం నా వెనకుంది. వరండాలో ఆరుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. పెట్రోలు పైపు విప్పేటప్పుడు ఎవరైనా అగ్గిపుల్ల గీస్తేనే నాకు ప్రాణం పోతుంది. ఇక్కడ బీడీలే కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. బ్యాటరీ తీగ ఊడదీశాను, పెట్రోలు పట్టడానికి ఇనప డబ్బా పెట్టాను, ఇసుక బకెట్ తెచ్చి వరండా మెట్టు దగ్గర పెట్టి, నా మామూలు ఉపన్యాసం ఇచ్చాను: ఎవరూ బీడీ ముట్టించకూడదు.

గంగారాం అక్క లచ్చవ్వ చాటలోంచి తలెత్తింది. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. "ఓ పిలగా! నాకు బుద్ధి తెలిసినప్పటిసంది చుడ్తున్న. ఒక్కటన్న ముట్టిచ్చిన్నా? తాగెటోళ్ళు మీ మొగోళ్ళు. గా ఇసుక మాకాడెందుకు వెట్టినవ్? మా తమ్మునికాడ వెట్టు!"

తిరిగి చూస్తే గంగారాం నోట్లో బీడీ, చేతిలో అగ్గిపెట్టె. బకెట్ అటు మార్చాను.

పెట్రోలు కోసమే చేసిన రబ్బరు గొట్టం వేసి, రెండు చివర్లా స్క్రూ క్లిప్పులు బిగించి, సైలెన్సరుకు జానెడు ఎడంగా కట్టాను. బ్రేకు హోసులు, కప్పులు మార్చాను. ఇక మిగిలింది బ్రేక్ ఆయిలు పోయే ఇనప పైపు. బానెట్ నుంచి వెనక చక్రాలదాకా కింద పాకుతూ పోయే సన్నటి పైపు అది. దాని మీద రంగును నమ్మకూడదు. గుడ్డతో తుడిచి, గోటితో గీరుతూ, చివరంటా పోవాలి. అలాగే గీరుతూ పోయాను. ఇంకా మూరెడు మిగిలిందనగా లచ్చవ్వ కేకేసింది: "పిలగా! మక్కగారెలు సల్లారుతున్నయ్!"

ఆ మూరెడు పైపుకూ నల్లరంగు నిగనిగలాడుతోంది. బాగానే ఉందిలే అనుకుని బయటికొచ్చేశాను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

పచ్చి మక్కలు రుబ్బి, పచ్చిమిర్చీ అల్లం వేసి కాల్చిన గారెలవి. మన మినపగారెకు మధ్యలో చిల్లి ఉంటుంది గనక ఎక్కడ ఆపాలో గుర్తొస్తుంది. వీటికి చిల్లి లేదు. నేను ఆపలేదు. తొమ్మిదో గారె దగ్గర గంగారాం బేరం తేల్చాడు.

"బండి నీకే ఇస్త. గాని ముందుగాల మా బిడ్డను సిరిసిల్లల దించాలె. మాట్లాడుకున్న బండాయిన రోడ్లు బందున్నయని రానన్నడు. రేపు పదకొండు నలభైకి లగ్గం. గప్పటిదాంక చేరకపోతే మా ఇజ్జతే పోతది."

"దానికేముందండీ! బిడ్డకు ఎన్ని నెలలు? వెనక సీట్లో ఉయ్యాల కట్టమంటారా?"

వరండాలో చాటలన్నీ ఆగిపోయాయి. "ఇరవై నాలుగేండ్లు" అంది తలుపు వెనకనుంచి ఒక గొంతు. "ఉయ్యాల జెర గట్టిగ కట్టున్రి."

మన వైపు బిడ్డంటే ఒళ్ళో పడుకునేది. ఇక్కడ బిడ్డంటే కూతురు. ఆ గొంతు పెళ్ళికూతురు మమతది. ఇంకో తేడా కూడా అప్పుడే తెలిసింది. మన వైపు పెళ్ళికొడుకు బాజాలతో అమ్మాయి ఇంటికొస్తాడు. ఇక్కడ అమ్మాయే అబ్బాయి ఊరికి తరలిపోతుంది. అంటే రోడ్డు మీద ఏం జరిగినా అది పెళ్ళికూతురికే జరుగుతుంది.

మూగ డ్రైవరు

మూడో రోజు తెల్లారగానే బయల్దేరాం. చుట్టాలంతా ముందురోజే ట్రాక్టరులో వెళ్ళిపోయారు. ముందు సీట్లో గంగారాం, వెనక పసుపు బట్టల్లో మమత, పక్కన లచ్చవ్వ, ఆమె ఒళ్ళో పసుపు కుంకుమల పళ్ళెం. ఊరు దాటగానే లచ్చవ్వ నా భుజం పొడిచింది.

"సూడు పిలగా. నువ్వు నోరు దెరిస్తివా, ఊరికో గంట ఆపి ముచ్చట వెడతరు. నువ్వు మూగోనివి. సమజైందా?"

"సమజైందండీ."

"గదే! గా అండీయే వద్దన్న!"

నన్ను నోరు మూసుకోమనడం కంటే ఊపిరి బిగబట్టమనడం సులువు. మొదటి ఊరి మొగలో రోడ్డుకడ్డంగా కంపలు, ఎడ్లబండి, డప్పులు. ఒకతను కిటికీలోంచి వంగాడు. "ఎటు వోతుండ్రు?"

"పెండ్లికి బిడ్డా. పిల్లను దీస్కపోతున్నం" అంది లచ్చవ్వ.

"డ్రైవరేడోడు?"

"మూగోడు, పాపం."

అతను నా బుగ్గ నిమిరాడు. "అయ్యో! మనిషి మంచిగున్నడు, నోరు లేకపాయె!" మా ఆవిడ ఈ మాట విని ఉంటే కొబ్బరికాయ కొట్టేది. రెండో ఊళ్ళో ఒక ముసలాయన నా కోసం బీడీ వెలిగించి నోట్లో పెట్టాడు. మూడో ఊళ్ళో ఒకామె నా చేతిలో అరటిపండు పెట్టి, ఏ గుడికి మొక్కుకుంటే నోరొస్తుందో చెప్పింది. వెనక సీట్లో మమత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వీ నవ్వీ, కాటుక చెంపలదాకా జారింది. ప్రతిచోటా కంపలు పక్కకు లాగి, పెళ్ళిపిల్లకు దారిచ్చి, మళ్ళీ అడ్డం పెట్టారు.

రోడ్డు మీద పొయ్యిలు

రుద్రంగి దాటాక రోడ్డు కాస్త పల్లంలోకి దిగుతుంది. కింద జనం, పొగ. వంటావార్పు. అంటే రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తింటారు. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మన వైపు దీక్ష అంటే పస్తులుండి కూర్చుంటారు. వీళ్ళు తిని కూర్చుంటారు. ఏది గెలుస్తుందో నాకప్పుడే అర్థమైపోయింది.

వేగం తగ్గిద్దామని కాలు వేశాను. పెడలు వెన్నలో దిగినట్టు కిందదాకా దిగిపోయింది.

మళ్ళీ తొక్కాను. మళ్ళీ తొక్కాను. మూడోసారికి కొంచెం పట్టింది. ఒకటో గేరులోకి కుక్కి, చేతిబ్రేకు లాగాను. అంబాసిడర్ మూలుగుతూ, జారుతూ వెళ్ళి, బగారా అన్నం ఉడుకుతున్న పెద్ద గంజుకు, అంటే మన గుండిగకు, జానెడు దూరంలో ఆగింది. బంపరుకు ఆవిరి పట్టింది. గంటెలు పట్టుకున్నవాళ్ళు నాలుగు వైపులకూ పరిగెత్తారు. "కావాల్ననే మీదికి తెచ్చిండు!" అని ఎవరో అరిచారు. జనం చుట్టూ మూగారు.

అప్పుడు మూగవాడు నోరు తెరిచాడు. "బ్రేకు పోయిందండీ! కావాలని కాదండీ! బాబ్బాబు, క్షమించండీ!"

కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో చారు గంటెతో ఉన్న ఒక పొడుగాటాయన ముందుకొచ్చాడు. సమ్మెలో ఉన్న బడిపంతులు. అందరూ సారూ సారూ అంటున్నారు. ఆయన లచ్చవ్వను అడిగాడు: "ఎనుక ఊరోళ్ళు ఫోన్ల జెప్పిండ్రు, మూగోడన్నవట గద. నోరచ్చింది, సంతోషం. మరి గీ అండీలు యాడికెళ్ళి అచ్చినయ్?"

"ఏమో సారూ" అంది లచ్చవ్వ. "ఎక్కినప్పుడైతే లేకుండె."

ముందు సారు నవ్వాడు. తర్వాత రోడ్డంతా నవ్వింది.

కారు కింద దూరాను. వెనక చక్రం లోపలి వైపు తడిసి ఉంది. తడి వెంట వేలు పెట్టి పోతే తగిలింది: నిగనిగలాడే నల్లరంగు, మూరెడు పైపు. గోటితో గీరితే రంగు పెచ్చు ఊడి, కింద తుప్పు, తుప్పులో సూదిమొనంత చిల్లి. ఏ మూరెడు వదిలేసి గారెలకు పరిగెత్తానో, అదే మూరెడు.

బయటికొచ్చాను. ఇంత జనంలో ఒక జోకు వేసి తప్పించుకోవచ్చు. కానీ పెళ్ళికూతురు కారు దిగి నా ఎదురుగా నిలబడి ఉంది.

"నిన్న ఈ ముక్క చూడలేదమ్మా" అన్నాను. "చూసుంటే దొరికేది. గారెలు పిలిస్తే వెళ్ళిపోయాను."

గంగారాం బానెట్‌కు ఆనుకుని మోకాలు పట్టుకున్నాడు. గడియారం పదీ పావు చూపిస్తోంది. సలహాలు మొదలయ్యాయి. ఒకరు సబ్బు అద్దమన్నారు, ఒకరు సైకిల్ ట్యూబు చుట్టమన్నారు, ఒకరు చిల్లి దగ్గర కోసి రబ్బరు గొట్టం తొడగమన్నారు. సబ్బూ ట్యూబూ చిల్లు పడ్డ బిందెకు పనికొస్తాయి. బ్రేకు తొక్కినప్పుడు ఆ సన్న పైపులో పుట్టే ఒత్తిడికి అవన్నీ పటుక్కున పోతాయి. అదీ సరిగ్గా కాలు అవసరమైన క్షణంలో పోతాయి.

"రోడ్డు ఇడుస్తం, మెల్లగ పోన్రి" అన్నాడు సారు.

"మెల్లగ పోదాం పా. చేతిబ్రేకున్నది గద" అంది లచ్చవ్వ. "లగ్గం తప్పుతది!"

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకుంటున్నాను. ఒంటరిగా అయితే అలా చాలాసార్లు నడిపాను. మమత నా మొహం చూసింది. "అన్నా, నీ చెల్లెను గిట్ల తోలుకపోతవా?"

నాకు మూగతనం అప్పుడు నిజంగానే వచ్చింది.

"పోతే పోయింది లగ్గం" అంది. "పైపు మార్చు." అని ఫోను తీసి, చూడకుండానే ఒక నంబరు నొక్కింది. పెళ్ళికొడుకు శేఖర్‌ది. సిరిసిల్లలో మరమగ్గాలు రిపేరు చేస్తాడు.

"ఏందే! పిలగాని నంబరు నీకాడెట్లున్నది?" అని లచ్చవ్వ నోరు నొక్కుకుంది.

ఎలాంటి పైపు, ఎంత పొడుగు, చివర్లో ఏ నట్లు కావాలో నేను చెబుతుంటే మమత ఫోన్‌లోకి చెప్పింది. తర్వాత ఎదురుచూపు. లగ్గందాకా పెళ్ళికూతురు పస్తుండాలట. పదకొండు నలభై అయింది. లచ్చవ్వ లేచి, విస్తరిలో బగారా అన్నం, వంకాయకూర పెట్టించుకొచ్చి మమత ముందు పెట్టింది. "ఇగ గా లగ్గం పాయె. తిను బిడ్డా."

మమత తింది. కళ్ళు తుడుచుకుంటూ తింది. కూరలో కారం ఎక్కువైందని చెప్పింది. నేను తిన్నాను, ఎక్కువేం కాలేదు.

పన్నెండు దాటాక శేఖర్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. నుదుట పెళ్ళిబొట్టు, భుజానికి ఇనప పైపు. తెలిసిన మెకానిక్‌ను ఇంట్లోంచి లేపి, పాత జీపుది మంచి పైపు ఊడదీయించుకుని, ఒక కొత్త బ్రేక్ ఆయిలు సీసా కూడా తెచ్చాడు. పెళ్ళి చేయించే అయ్యగారు మూడూ యాభైకి ఇంకో లగ్గం చూసి పెట్టాడన్న కబురూ తెచ్చాడు. బండి దిగాడో లేదో లచ్చవ్వ కేక: "ఆగు పిలగా! లగ్గం గాకముందు పిల్ల మొఖం సూడొద్దు!"

సారు అటూ ఇటూ చూసి, రోడ్డు పక్క కట్టిన బ్యానరు విప్పించాడు. ఇద్దరు మనుషులు దాన్ని చెరోవైపు పట్టుకుని పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య నిలబడ్డారు. పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టేముందు తెర పట్టరూ, అలాగ. శేఖర్ వైపు "జై తెలంగాణ" సూటిగా ఉంది, మమత వైపు తలకిందులు కాకపోయినా కుడిఎడమలైంది.

"పైపు దెచ్చినవా?" అంది బ్యానరుకు ఇవతలనుంచి మమత.

"తెచ్చిన. తిన్నవా?" అన్నాడు అవతలనుంచి శేఖర్.

"తిన్న."

"ఇంతకన్న పెద్ద మంత్రాలేముంటయ్" అన్నాడు సారు.

మంచినూనె

శేఖర్ చేతులు బంగారం. మగ్గంలో వెంట్రుకవాసి తేడా పట్టే చేతులు. నట్లు కలిశాయి. ఎక్కువైన పొడుగును చుట్టలా వంచి, ఎక్కడా ఒరుసుకోకుండా క్లిప్పులు వేశాం. ఇక పైపులో దూరిన గాలి తీయాలి. గంగారాం పెడలు తొక్కుతాడు, నేను కింద చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మర వదులు చేస్తాను, గాలి బుడగలతో పాత ఆయిలు గాజుసీసాలోకి వస్తుంది, నిపుల్ బిగిస్తాను, ఆయన కాలు తీస్తాడు. ఈలోగా బానెట్ కింద డబ్బాలో ఆయిలు తరిగిపోకుండా ఎవరో ఒకరు పోస్తుండాలి. జగిత్యాల సీసాలో మిగిలిన ఆయిలుతో ఆ పని లచ్చవ్వ తీసుకుంది.

కిందనుంచి అరిచాను: "లచ్చవ్వా! బయటికొచ్చిన పాత నూనె మళ్ళీ పొయ్యొద్దు! డబ్బా తగ్గితే మంచి నూనె పొయ్యి!"

"ఏందీ?"

"మంచి నూనె! మంచి నూనె!"

"సరే సరే!"

నాలుగోసారి తొక్కించి, నిపుల్ బిగించి, ఇక కాలు తీయమందామని నోరు తెరిచాను. అంతలో మమత గొంతు: "అన్నా! అత్త ఇప్పుడే మంచినూనె వోసింది!"

"మంచిదే కదమ్మా! నేనే పొయ్యమన్నాను!"

"అయ్యో అన్నా! మంచినూనె! పల్లినూనె! వంటకాడికెళ్ళి గంటెల దెచ్చి పోసింది!"

మంచి నూనె అని నేను రెండు మాటలుగా అన్నాను. లచ్చవ్వకు అది ఒకటే మాట. ఆ వైపు మంచినూనె అంటే వంటనూనె. ఆమె తప్పేముంది? పక్కనే పొయ్యి మీద ఉంది, అందులోంచే తాజాగా తెచ్చింది.

మొదట నవ్వొచ్చింది. వెంటనే చెమట పట్టింది. వంటనూనె తగిలితే బ్రేకుల లోపలి రబ్బరు కప్పులన్నీ పూరీల్లా ఉబ్బుతాయి. బ్రేకులు పట్టేస్తాయి, లేదా అసలు పట్టవు. ఉన్న రబ్బరంతా మార్చాలి. అంటే రెండో లగ్గం కూడా పోతుంది. కానీ ఒక్క దారి ఉంది. పెడలు తొక్కి పట్టినంతసేపు డబ్బాలోంచి లోపలికిపోయే చిన్న రంధ్రం మూసుకుని ఉంటుంది. కాలు తీస్తే తెరుచుకుంటుంది.

"గంగారామన్నా!" అని ప్రాణం పోయినట్టు అరిచాను. "కాలు తియ్యకు!"

"తియ్యను గని, మోకాలు గుంజుతున్నది!"

"తియ్యకు! చచ్చినా తియ్యకు!"

సారుకు విషయం అర్థమైంది. ఆయన చెయ్యి పైకెత్తాడు, గొంతు సవరించుకున్నాడు. నెలల తరబడి నినాదాలిచ్చి పదునెక్కిన గొంతు. "గంగారామన్నా!"

రోడ్డంతా ఒక్కటే గొంతు: "కాలు తియ్యకు!"

"గంగారామన్నా!"

"కాలు తియ్యకు! కాలు తియ్యకు!"

డప్పులు కూడా అందుకున్నాయి. గంగారాం పళ్ళు బిగించి, రెండు చేతులతో తన మోకాలిని తానే నొక్కిపట్టాడు. డబ్బాలో పసుపుపచ్చటి నూనె పైన తేలుతోంది. ఎవరో పరిగెత్తి, పశువులకు మందు పట్టే పెద్ద సిరంజి ఒకటి, కవరు విప్పనిది, తెచ్చారు. దాంతో పైనున్న నూనె లాగాను, కిందున్న ఆయిలూ అడుగంటా లాగాను, పీచు రాలని గుడ్డతో తుడిచాను, శేఖర్ తెచ్చిన సీసా సీలు అప్పుడే తీసి కొంచెం పోసి, కడిగి, అదీ లాగేసి, మళ్ళీ పోశాను. అంతసేపూ పెడలు వెంట్రుకంత కూడా దిగలేదు. అంటే కొత్త పైపు ఎక్కడా కారడం లేదు. ఇంత గొప్ప పరీక్ష నా ఆటోనగర్‌లో కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

"ఇక తియ్యన్నా" అన్నాను.

ఆయన తీయలేదు. కాలు రాలేదు. సారు, శేఖర్ పట్టుకుని మెల్లగా తీశారు. జనం ఈలలు వేశారు. లచ్చవ్వ మాత్రం గంటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "గీనె మాట సక్కగ అనక నన్నంటరు. ఖరాబు నూనె పొయ్యమన్నడా, మంచినూనె పొయ్యమన్నడా? అడుగున్రి!"

ఎవరూ అడగలేదు. అందరికీ సమాధానం తెలుసు.

సిరిసిల్ల

రెండో లగ్గం మూడూ యాభైకి. మూడుంపావుకల్లా సిరిసిల్ల చేరాం. శేఖర్ ముందు మోటారుసైకిల్ మీద, మేం వెనక. అతను వెనక్కి తిరిగి చూడకుండా లచ్చవ్వ కిటికీలోంచి చెయ్యూపుతూ కాపలా కాసింది.

పెళ్ళి జరిగింది. తెల్లటి బట్టతో తెర పట్టారు గానీ, నాకు రోడ్డు మీది తెరే నచ్చింది. మర్నాడు దావత్. మన పెళ్ళిళ్ళలో విస్తరి తీపితో మొదలవుతుంది. అక్కడ మటన్‌తో మొదలై మటన్‌తోనే ముగిసింది. బంద్ సడలిందేమో, పొద్దున్నే వీధి చివర మరమగ్గాలు లేచాయి. ఒక మగ్గం చప్పుడైతే అది చప్పుడు. వంద మగ్గాలదైతే నేలే దడదడలాడుతుంది. అక్కడివాళ్ళు దాంట్లోనే నిద్రపోతారట, ఆగితే మెలకువొస్తుందట.

బయల్దేరే ముందు కారు నాలుగు చక్రాల కిందా పాత పేపర్లు పరిచి, పెడలు గట్టిగా తొక్కిపట్టి అరవై లెక్కపెట్టాను. దిగి పేపర్లు చూశాను. చుక్క లేదు. ఆ తర్వాత మళ్ళీ కింద దూరి ఆ చివరనుంచి ఈ చివరిదాకా, ఏ మూరెడూ వదలకుండా, గోటితో గీరి చూశాను. లోపల గారెలు వేస్తున్నారని వాసనొచ్చింది. పని అయ్యేదాకా వెళ్ళలేదు.

గంగారాం తాళం చెవులిచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచాడు. "ఐతారం ఐతారం కడుగు" అన్నాడు. అంతే.

బెజవాడ వచ్చాక ఈ కథ రైసుమిల్లు యజమానికి చెప్పాను, ఆటోనగర్‌లో అందరికీ చెప్పాను, మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా నా వీరత్వం కాస్త పెరుగుతూ వచ్చింది. నెల తిరిగేసరికి నాకే పూర్తిగా నమ్మకం కుదిరి, మమతకు ఫోన్ చేశాను. క్షేమసమాచారాలయ్యాక, కొంచెం గొంతు పెంచి, "చూశావామ్మా, నేనే లేకపోతే నీ పెళ్ళి ఏమయ్యేది?" అన్నాను.

"నువ్వు లేకపోతెనా?" అంది మమత. "నువ్వు లేకపోతే చుట్టాలతోని ట్రాక్టర్ల వోతుంటి. పదకొండు నలభైకే అయితుండె అన్నా!"